లోర్న్ గీసిన నీలం గీత

మా పడవ మునుగుతోందని మా ఆయన లోర్న్ ఎన్నడూ ఒప్పుకోలేదు. గీతే మరీ కిందికి గీశారు అనేవాడు.

నీళ్ళు పడవను తాకే చోట చుట్టూ ఒక నీలం గీత ఉంటుంది. పడవ ఎంత బరువు మోయగలదో కట్టినవాడు ఆలోచించి గీసినది. మేం కెనడాలోని నానైమో నుంచి బయల్దేరిననాడు అది నీళ్ళ పైన చక్కగా కనిపించింది. మెక్సికో తీరానికొచ్చిన మొదటి ఏడే నీళ్ళ కిందికి పోయింది. రంగులు వేయడానికి పడవను గట్టెక్కించినప్పుడు లోర్న్ పాత గీతను ఎర్ర రంగుతో కప్పేసి, బెత్తెడు పైన కొత్తది గీశాడు. మరుసటి ఏడు అదీ మునిగింది. మళ్ళీ బెత్తెడు పైకెక్కించాడు.

"లాగు బిగుతైతే బొత్తాం జరిపి కుట్టుకోమూ? ఇదీ అంతే," అన్నాడు.

పడవ పేరు మేబెల్. మా అత్తగారి పేరది. పెళ్ళయిన కొత్తలో ఆవిడతో ఒకే ఇంట్లో ఉండనని పట్టుబట్టి గెలిచినదాన్ని; అరవై దాటాక ఆవిడ కడుపులోనే కాపురం పెట్టాను. పైగా ఈ తీరంలో మనుషులకి పేర్లుండవు, పడవలకే ఉంటాయి. నన్ను చూస్తే చాలు, "అదిగో మేబెల్ వచ్చింది" అనేవాళ్ళు. ఆవిడ వింటే ఎంత మురిసిపోయేదో.

లోర్న్ స్కూలు బస్సులు బాగుచేసే షెడ్డులో బతుకంతా పనిచేశాడు. పారేసిన వస్తువు మర్నాడే కావాల్సి వస్తుందన్న భయం అక్కడే పట్టుకుంది. మా పడవలో ఎప్పుడో తీసేసిన ఇంజనుకి సరిపడే పంపులు రెండుండేవి. తిత్తి చిరిగిన అకార్డియన్ ఒకటి. నీళ్ళలో ఈదేవాళ్ళు తొడుక్కునే రబ్బరు తెడ్డుపాదాలు ఒక సంచెడు, అన్నీ ఎడమకాలివే. ఇనప కుట్టుమిషన్ ఒకటి. దాని కోసం నా బట్టల అర ఖాళీ చేయాల్సి వచ్చింది. నా బట్టలు పొయ్యి లోపల ఉండేవి. రొట్టె కాల్చాలంటే ముందు రవికలు బయటికి తీయాలి.

ఈ సామానంతా పొద్దున రేడియోలో వచ్చేది. తీరం వెంబడి లంగరేసిన పడవలన్నీ రోజూ ఉదయం ఒకే ఛానల్లో రేడియో పెట్టుకుని కబుర్లాడుకుంటాయి. కర్లూ అనే పడవలో ఉండే బెవ్ దాన్ని నడిపేది. ఎవరికైనా జబ్బా, గాలి ఎటునుంచి, కొత్తగా ఎవరొచ్చారు, ఇవన్నీ అయ్యాక, "సరే, ఇప్పుడు కొబ్బరికాయల సంత," అనేది. పరదేశం పడవలు ఇక్కడ వస్తువులు అమ్ముకోకూడదు. అందుకని ఏదైనా ఇచ్చేవాళ్ళు ధర కొబ్బరికాయల్లో చెబుతారు. "పాత దుప్పటి, రెండు కొబ్బరికాయలు." అది ఉత్తుత్తి ధర. ఎవరూ కాయలు ఇవ్వరు, ఎవరూ అడగరు. వస్తువు తీసుకుని ఒక బీరు పోస్తే ధర ముట్టినట్టే.

ఆ సంతలో లోర్న్ కొనని వస్తువు లేదు. "విరిగిన గొడుగు, ఒక కొబ్బరికాయ," అని అవతలివాళ్ళు ముగించేలోపే, "మేబెల్ తీసుకుంటుంది!" అని అరిచేవాడు. మా అత్తగారు చిత్తుసామాన్ల కొట్టు పెట్టిందని తీరమంతా చెప్పుకునేవాళ్ళు.

ఆ శీతాకాలం మేం లా బోకీటా దగ్గర లంగరేశాం. ఊరికి బయట సముద్రపు వంపు, లోపల ఉప్పుటేరు. ఉప్పుటేటిలో నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉంటాయి. బయట వంపులో అలా కాదు. అలలు పక్కనుంచి వచ్చి పడవను రాత్రీ పగలూ ఊయలూపుతుంటాయి. చారు గిన్నెలో ఉండదు, ఒళ్ళో ఉంటుంది. పడుకుంటే ఒక అలకి గోడ మీదికి, ఇంకో అలకి లోర్న్ మీదికి దొర్లేదాన్ని. దొర్లినప్పుడల్లా అతను నిద్రలోనే, "ఇప్పుడు కాదు గ్వెన్," అనేవాడు.

మిగతా పడవలన్నీ ఉప్పుటేటిలోకి వెళ్ళి హాయిగా ఉన్నాయి. మేం వెళ్ళలేం. సముద్రం నుంచి లోపలికి పోయే మొగ దగ్గర ఇసుక మేట వేసి, లోతు తక్కువ. పడవ అడుగున బరువైన రెక్క ఒకటి ఉంటుంది కదా, మాది ఆ ఇసుకకి తగులుతుంది. పడవలని మొగ దాటించే ఫౌస్తినో వచ్చి, మా చుట్టూ తన చిన్న పడవ తిప్పి, నీలం గీత ఎక్కడా కనిపించక నీళ్ళలోకి వంగి చూశాడు.

"డోన్ లోర్న్, మీ పడవ కడుపుతో ఉందా?"

"అది మా అమ్మ. మర్యాదగా మాట్లాడు."

"మన్నించండి. అమ్మగారు కాస్త చిక్కితే దాటిస్తాను. శనివారం పున్నమి పోటుంది. అప్పుడు నీళ్ళే నీళ్ళు." ఫౌస్తినో ఏ రోజు అడిగినా నీళ్ళే నీళ్ళు అనేవాడు, అందుకని నాకది పెద్ద ధైర్యం ఇవ్వలేదు.

ఆ సాయంత్రం నేను ఊళ్ళోకి వెళ్ళి గ్వాదలహారా బస్సుకి టికెట్ కొనుక్కొచ్చాను. అక్కడనుంచి మా దేశానికి విమానం. టికెట్ తీసుకొచ్చి లోర్న్ ముందు బల్ల మీద పెట్టాను. ఒక అలకి అది అతని దగ్గరికి జారింది, ఇంకో అలకి నా దగ్గరికి వచ్చింది.

"శనివారం లోపలికి వెళ్ళామా, ఇది చింపేస్తాను. వెళ్ళలేదా, ఆదివారం బస్సెక్కుతాను. ఇక నువ్వూ, మీ అమ్మా."

"తిరిగి ఎప్పుడొస్తావ్?"

"పడుకుంటే మంచం కదలకుండా ఉండే చోటు చూసుకుని కబురు పెడతాను. నువ్వే రా."

లోర్న్ లేచి అకార్డియన్ని ఒళ్ళోకి తీసుకుని నిమిరాడు. నాకు కాస్త జాలేసింది. కానీ అప్పుడే ఒక అల వచ్చి నన్ను గోడకేసి కొట్టడంతో ఆ జాలి పోయింది.

మర్నాడు రేడియోలో బెవ్, "కొబ్బరికాయల సంత," అనగానే మేబెల్ తరఫున లోర్న్ గొంతు వినిపించింది. "మా దగ్గర పంపులు రెండు. మూడేసి కాయలు."



"లోర్న్, నువ్వు ఇస్తున్నావా, అడుగుతున్నావా?" అంది బెవ్.

"ఇస్తున్నాను."

"గ్వెన్! గ్వెన్, ఒంట్లో బానే ఉందా అతనికి?"

"బానే ఉంది. త్వరగా వచ్చి పట్టుకుపోండి, మనసు మారకముందే," అన్నాను.

"ఒక్క మాట," అన్నాడు లోర్న్. "నాకు నిజం కొబ్బరికాయలు కావాలి. ఉత్తి మాటలకి నా పంపులు ఇవ్వను. అంత చవగ్గా ఇచ్చేస్తే వాటికి చిన్నతనం."

ఇలాంటి వేడుక ఎవరు వదులుకుంటారు? మధ్యాహ్నానికల్లా రబ్బరు పడవలు వరస కట్టాయి. ఫౌస్తినోకి ఒడ్డున కొబ్బరితోట ఉంది. వీళ్ళంతా అతని దగ్గర కాయలు తెచ్చి మాకు పోశారు. ఎడమకాలి తెడ్డుపాదాల సంచికి డజను కాయలు. కుట్టుమిషన్‌కి ఇరవై, అది దిగుతుంటే లోర్న్ కళ్ళు తుడుచుకున్నాడు. రోజులు గడిచేకొద్దీ పొయ్యి ఖాళీ అయింది, నా బట్టలు నా అరలోకి వచ్చాయి. స్నానాల గదిలో కాయలు, మంచం కింద కాయలు, చుక్కాని దగ్గర కాళ్ళు పెట్టుకునే చోట కాయలు.

శుక్రవారం నేను పక్కకి వంగి చూశాను. గీత కనబడితే ఒట్టు.

"లోర్న్. సామాను పోయింది. పడవ లేవలేదేం?"

"ఉప్పు తగ్గి ఉంటుంది సముద్రంలో."

"ఈ కాయలు బరువు కావూ?"

నన్ను చూసి నవ్వాడు, చిన్నపిల్లకి చెబుతున్నట్టు. "పిచ్చిదానా, కొబ్బరికాయ నీళ్ళలో వేస్తే మునుగుతుందా తేలుతుందా?"

"తేలుతుంది."

"తేలే వస్తువుకి బరువేమిటి? నిజానికి అవే పడవని పైకి లేపుతాయి."

బస్సులు బాగుచేసిన మనిషి అంత నమ్మకంగా చెబుతుంటే, ఒక్క క్షణం నాకూ నిజమే కదా అనిపించింది. ఆ తర్వాత వెళ్ళి సూట్‌కేసు సర్దుకున్నాను.

శనివారం పోటు నిండేవేళ ఫౌస్తినో ముందు, మేం వెనక బయల్దేరాం. మొగకి అటూ ఇటూ జనం. ఒడ్డున రొయ్యలమ్మే హోటలు వాళ్ళు బల్లలు ఇటు తిప్పి వేశారు. బెవ్ తన రబ్బరు పడవలో చేతి రేడియో పట్టుకుని, రాలేనివాళ్ళ కోసం చూసింది చూసినట్టు చెబుతోంది.

"మేబెల్ వస్తోంది... ఠీవిగా వస్తోంది... మేబెల్ ఆగింది."

అవును, మొగకి సరిగ్గా నడిమధ్యన. మెత్తగా, పరుపు మీద కూర్చున్నట్టు.

"నీళ్ళే నీళ్ళు!" అని అరిచాడు ఫౌస్తినో తన పడవలోంచి. అతని పక్కనే ఒక కొంగ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉంది.

లోర్న్ ఇంజను బరబరలాడించాడు. ఇసుక రేగింది తప్ప పడవ కదల్లేదు. నేను రెండు కొబ్బరికాయలు తీసి నీళ్ళలోకి విసిరాను.

"ఆగు! అవి పంపులు!" అని అరిచాడు.

ఇంకోటి ఎత్తాను.

"అది అకార్డియన్! గ్వెన్, నీకు దణ్ణం పెడతాను, అది వద్దు!"

మా పెళ్ళి తేదీ ఎన్నడూ గుర్తుండని మనిషికి ఏ కాయ ఏ వస్తువుకి వచ్చిందో గుర్తుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. పోటు నిండిపోయింది, ఇక నీళ్ళు తీయడమే తరువాయి. లోపలికి వెళ్ళి సూట్‌కేసు తెచ్చి, పడవ అంచు దాటి కాళ్ళు బయటికి వేలాడేసుకుని కూర్చున్నాను.

"ఫౌస్తినో, నీ పడవ ఇటు తీసుకురా. బస్టాండు దాకా దింపు."

"రేపు కదా సెన్యోరా బస్సు?"

"బస్టాండులోనే పడుకుంటాను. ఆ బల్లలు కదలవు."

"మేబెల్ కోడలు అలిగింది," అని బెవ్ రేడియోలో చెప్పింది.

అప్పుడు పడవ నేను కూర్చున్న వైపుకి కాస్త ఒరిగింది. ఒరిగి, కింద ఏదో వదులైనట్టు, మూరెడు ముందుకి జరిగింది.

ఒడ్డున హోటల్లో అందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు.

"గ్వెన్!" అని కేక పెట్టాడు లోర్న్. "కదలకు! నీ పుణ్యం ఉంటుంది, అలాగే అలిగి కూర్చో! ఇంకా అలుగు!"

పడవ పక్కకి వాలితే అడుగున రెక్క ఏటవాలుగా లేస్తుంది. నిలువుగా దాటలేని చోట ఒరిగి దాటొచ్చు. కానీ నేనొక్కదాన్ని ఎంత అలిగినా అంత పెద్ద పడవ ఒరగదు. లోర్న్ తల గోక్కుని, కొబ్బరికాయల వైపు చూశాడు. ఆ ముఖంలో ఎన్నేళ్ళకో స్కూలు బస్సు షెడ్డు కనిపించింది నాకు.

పాత తెరచాపని మూటలా పరిచి, కాయలన్నీ అందులో పోశాడు. తెరచాప కింది అంచుకి ఉండే పొడుగాటి అడ్డకొయ్యని పూర్తిగా పక్కకి తిప్పి, దాని చివర నీళ్ళ మీద మూట వేలాడదీశాడు. మేబెల్ మూలిగింది. పక్కకి వాలడం మొదలుపెట్టింది.

"ఇంకొంచెం కావాలి," అని నా వైపు చూశాడు.

"చచ్చినా ఆ కొయ్య ఎక్కను."

"సూట్‌కేసుతో సహా ఎక్కు. కిందపడితే ఎలాగూ ఫౌస్తినో పడవలోనే పడతావు. బస్టాండుకి దగ్గర."

ఎక్కాను. ఎందుకెక్కానంటే చెప్పలేను. ఆ మనిషి అలా అడిగితే ఎవరైనా ఎక్కుతారు. కాయల మూట పక్కన, కొయ్య మీద, సూట్‌కేసు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మా అత్తగారు నన్ను తన ఒంటికి దూరంగా, చిటికెనవేలితో పట్టుకున్నట్టు పట్టుకుని, పక్కకి వాలిపోయి, ఇసుక మీద గీరుకుంటూ మొగ దాటింది. కొంగ ఎగిరిపోయింది. హోటలువాళ్ళు గరిటెలతో పళ్ళేలు వాయించారు.

"మేబెల్ లోపలికొచ్చింది," అంది బెవ్. "కోడల్ని బయట ఆరేసుకుని వచ్చింది."

ఉప్పుటేటిలో లంగరేశాక నన్ను దింపుతూ లోర్న్ అన్నాడు: "చూశావా? కొబ్బరికాయలు పడవని పైకి లేపుతాయని చెప్పానా లేదా?"

టికెట్ చింపి అతని నెత్తిన పోశాను. నీళ్ళు ఎంత నిశ్చలంగా ఉన్నాయంటే ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర పట్టలేదు. నేను దొర్లడం లేదని అతనే నాలుగుసార్లు లేచి చూశాడు.

తర్వాత ఎనిమిది శీతాకాలాలు అక్కడే ఉన్నాం. సామాను నెమ్మదిగా మళ్ళీ చేరింది. కుట్టుమిషన్ కూడా తిరిగొచ్చింది, ఇరవై రెండు కాయలకి.

మొన్నటి చలికాలం లోర్న్ పోయాక, సంతలో అతని వస్తువులన్నీ నేనే చెప్పాను. ధర అడగలేదు. అయినా ప్రతివాళ్ళూ ఒక్కో నిజం కొబ్బరికాయ తెచ్చి పడవ పైన పెట్టి వెళ్ళారు. వాటిని ఒడ్డుకి పంపేశాను.

వారం తర్వాత బెవ్ నన్ను ఒక్కదాన్నే రేడియోలో వేరుగా పిలిచింది. "గ్వెన్, ఏమీ అనుకోకు. మేబెల్‌కి ఒంట్లో బాలేదా? మరీ పైకి లేచిపోయింది."

రబ్బరు పడవ వేసుకుని దూరంగా వెళ్ళి చూశాను. నిజమే. లోర్న్ గీసిన నీలం గీత గాలిలో ఎక్కడో ఉంది. దాని కింద ఎర్ర రంగు, జానెడు మేర, పొట్టి గౌను కింద మోకాళ్ళలా బయటపడింది. మా అత్తగారిని అలా ఎప్పుడూ చూడలేదు. ఆవిడ ఒప్పుకునే మనిషి కాదు.

ఒడ్డుకి వెళ్ళాను.

"ఫౌస్తినో, కాయలు కావాలి."

"ఎన్ని సెన్యోరా?"

"గీత నీళ్ళని తాకేదాకా పోస్తూ ఉండు."

ఈసారి నీళ్ళే నీళ్ళు అనలేదు. రోజంతా మోశాడు. మంచం కింద, స్నానాల గదిలో, చుక్కాని దగ్గర. చివరి బుట్టకి నీళ్ళు గీతను తాకి ఆగాయి, లోర్న్ గీసినచోటికి సరిగ్గా.

నా బట్టలు మాత్రం మళ్ళీ పొయ్యిలోకి వెళ్ళాయి.