ధర దాటితే పోయినట్టే

ఇక్కడ గల్ఫులో, హవల్లీలో మా వీధి చివరి కొట్టు ముందు కొత్త ఫ్రిజ్ పెట్టె విప్పుతుంటే, ఆ అట్టా, థర్మాకోలూ, కొత్త రబ్బరూ కలిసిన వాసనకి నా కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. అది మా నాన్న చొక్కా వాసన. దజీజ్ గోడౌన్ నుంచి ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషిన్లూ వ్యాన్‌లో కొట్లకి చేరవేసే డ్రైవరు ఆయన. కోనసీమ నుంచి ముందు తానొచ్చి, తరవాత అమ్మనీ నన్నూ తమ్ముణ్ణీ ఇదే హవల్లీలో ఒక గదీ వంటిల్లూ ఉన్న ఫ్లాట్‌కి తెచ్చుకున్నాడు.

ఆ ఫ్లాట్‌లో శుక్రవారం మధ్యాహ్నమంటే ధరల ఆట. ఒక అరబ్బీ చానెల్లో వచ్చేది. వస్తువు చూపిస్తారు, ధర చెప్పాలి. అసలు ధరకి దగ్గరగా చెప్పినవాళ్ళదే ఆ వస్తువు, కానీ రవ్వంత దాటినా పోయినట్టే. మొదట్లో అదంతా చిన్న కిరాణా కొట్టులా ఉండేది, బల్ల మీద నెయ్యి డబ్బాలు, సబ్బు పొడి, టీ పొట్లాలు, వాటి వెనకాల పాదాల దాకా తెల్ల దిష్‌దాషా తొడుక్కున్న బొజ్జాయన, ఎవరు ఓడినా తన ఇల్లే మునిగినంత మొహం పెట్టేవాడు. మాకు అరబ్బీ అంకెలు నేర్పిన మేష్టారు ఆయనే. పోనుపోను మిక్సీలొచ్చాయి, సోఫాలొచ్చాయి, రంజాన్ నెలలో ఏకంగా కారే తెచ్చి నిలబెట్టేవారు.

బయట దుమ్ముగాలి లేచి కిటికీ అద్దాలు ఎర్రబడిపోతే, తడిగుడ్డలు సందుల్లో కుక్కి, ఏసీ హోరులో నలుగురం చాప మీద కూర్చుని, కోడికూర కలిపిన చేతులు ఎండిపోతున్నా లేవకుండా ఆ ఆట ఆడేవాళ్ళం. నాన్న రోజూ మోసే సామాన్ల బరువు చెప్పగలడు గానీ ధర చెప్పలేడు. గల్ఫులో అన్నీ ఖరీదే అని ఆయన నమ్మకం, అందుకని ప్రతిసారీ దాటేసేవాడు. అమ్మ అమలాపురం బజారు ధరల్ని దినార్లలోకి మార్చి చెప్పేది కాబట్టి ఎప్పుడూ దాటేది కాదు, తెలిసీ తెలియక ఆవిడే గెలిచేది. గెలిచిన ప్రతిసారీ తమ్ముడు ఆవిడ చేతికి గరిటె బహుమతిగా ఇచ్చేవాడు. మా ఇంట్లో అంతకంటే పెద్ద పండగ నాకు గుర్తులేదు.

ఒక చలికాలం నాన్న కంపెనీ సగంమందిని తీసేసింది. దొరికిన కొత్త పనిలో ఇచ్చే జీతానికి కుటుంబాన్ని ఇక్కడ ఉంచుకునే అనుమతి, ఇఖామా, రాదు. అంటే నాన్న ఉండొచ్చు, మేం ముగ్గురం వెళ్ళిపోవాలి.

మనవాళ్ళలో ఎవరైనా ఇలా ఇక్కడి కాపురం ఖలాస్ చేసుకుని వెళ్ళేటప్పుడు ఒక శుక్రవారం ఇంట్లో సామాన్లన్నీ పరిచి, తెలిసినవాళ్ళని పిలిచి, ముందు కడుపునిండా పులిహోర పెడతారు. వెళ్ళిపోయేవాళ్ళు నోరు తెరిచి ధర చెప్పరు, మొహమాటం. కొనేవాళ్ళే తమకి తోచింది చెబుతారు, ఇంటివాళ్ళు సరే అంటారు. అది మర్యాద.

నాన్నతో పనిచేసిన రాయచోటి ఖాదర్ మామ ముందుగా టీవీ ముందు నిలబడ్డాడు. "అక్కా, ఇరవై అయిదు దినార్లు ఇస్తాలే. సరేనా?"

పులిహోర గిన్నె పట్టుకున్న అమ్మ ఆయన వంక చూసి, "దాటిపోయేరు తమ్ముడూ. టీవీ మీకు రాదు," అంది.

అందరూ నవ్వారు. మామ నవ్వుతూనే ధర తగ్గించాడు. అమ్మ అదీ దాటిందంది. ఎవరో కుట్టుమిషన్ అడిగితే దాటిందంది, తమ్ముడి మంచం అడిగితే దాటిందంది. నేనూ తమ్ముడూ చప్పట్లు కొట్టాం, ఆట అనుకుని. మంచం దగ్గరకొచ్చేసరికి పెద్దవాళ్ళెవరూ నవ్వలేదు. ఒక్క వస్తువైనా అమ్ముడవకపోతే ఇల్లు ఖాళీ అవదు, ఇల్లు ఖాళీ అవకపోతే మేం వెళ్ళక్కర్లేదు. అమ్మ లెక్క అదీ.

నాన్న లేచొచ్చి ఆవిడ చేతిలో గిన్నె అందుకున్నాడు. "సత్యా, ఇచ్చేయే. టిక్కెట్లు తీసేసేను."

"ఆ టీవీ పోతే మీరు ఎవరితో కూచుని ఆడతారండీ?" అంది అమ్మ.

నాన్న ఆ గిన్నెతో వెళ్ళి వచ్చినవాళ్ళకి మళ్ళీ పులిహోర వడ్డించాడు. కాసేపటికి అమ్మే మామ వైపు తిరిగి సరే అంది. ఆ తరవాత ఎవరేం చెప్పినా సరే అంటూనే ఉంది, సాయంత్రానికి గదిలో చాప తప్ప ఏమీ మిగల్లేదు.

మేం ముగ్గురం కోనసీమకి వెళ్ళిపోయాక నాన్న అర్దియాలో నలుగురితో కలిసి ఒక గదిలో చేరాడు. రెండేళ్ళకోసారి సెలవు మీద వచ్చి, పిల్లలు ఎదిగిపోయారని ఆశ్చర్యపోయి వెళ్ళేవాడు. ఈలోపు ఆ కార్యక్రమంలో బొజ్జాయన పోయి కుర్రవాడెవరో వచ్చాడని, నెయ్యి డబ్బాల చోట సెల్‌ఫోన్లు పెట్టారని, ఫోన్ చేసి ధర చెబితే చాలంటున్నారని, చివరికి ఎత్తేశారని ఆయనే ఫోన్లో చెప్పాడు. నేను నర్సునై ఇక్కడికి రావడానికి ముందు ఏడాదే నాన్న ఆ గదిలో నిద్రలోనే పోయాడు. ఆ సెలవులు తప్పిస్తే, నలుగురం ఒకే ఇంట్లో కాపురముండే రోజు మళ్ళీ రానేలేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

కొత్తగా ఏది కొన్నా ఊళ్ళో ఉన్న అమ్మకి వీడియోలో చూపిస్తాను. అందరి అమ్మలూ ఎంతైందని అడుగుతారు, మా అమ్మ అడగదు. మొన్న నేనే, "ఎంతుంటుందో చెప్పమ్మా," అన్నాను.

అమ్మ ఫోన్ దగ్గరగా పెట్టుకుని ఆ వస్తువు వంక చూసింది.

"నేను ఆరోజు ఆ టీవీకి సరే అనకుండా ఉండాల్సింది," అంది.