అక్క కంటి ఫోటోలు

మా అక్క చిలకలూరిపేటలో ముప్పై ఏళ్లు జాకెట్లు కుట్టింది. నేను ఆ ఊళ్లోనే ఎయిడెడ్ స్కూల్లో లెక్కలు చెబుతాను. అమ్మ పోయాక ఇంట్లో ఇద్దరమే మిగిలాం. రెండేళ్ల కిందట ఒక ఉదయం, కుడికంట్లో కింది నుంచి నల్లటి తెర లేస్తోందని చెప్పింది. మిరపకాయలు ఎండే రోజులు. "ఘాటు తగిలి ఉంటది, కడుక్కో" అని నేను స్కూలుకు వెళ్లిపోయాను. మూడో రోజుకు ఆ కంటికి ఏమీ కనిపించలేదు. గుంటూరులో డాక్టరుగారు చూసి, కంటి వెనక ఉండే రెటీనా పొర ఊడిందని చెప్పి, మర్నాడే ఆపరేషన్ చేశారు.

కంట్లో గ్యాస్ నింపారు. అది రెటీనాను అదిమి పట్టాలంటే పది రోజులు ముఖం కిందికి వంచే ఉండాలన్నారు. నేను సెలవు పెట్టి చుక్కలు వేశాను, అన్నం కలిపి పెట్టాను, దిండ్లు సర్దాను. పదో రోజుకు నా నడుమూ పట్టేసింది.

రెండు నెలలకు డాక్టరుగారు "రెటీనా చక్కగా అతుక్కుందమ్మా" అన్నారు. అక్క చార్టులో అక్షరాలు చాలావరకు చదివింది. ఇక గట్టెక్కామనుకున్నాను. అక్క మాత్రం మిషన్ ముందు కుదురుగా కూర్చోలేకపోయింది.

"గీత వంకరగా కనపడతందే. మధ్యలో నొక్కుకుపోయినట్టుంటది."

"బాగుందన్నారుగా. నువ్వే భయం పెట్టుకున్నావు."

కుట్టు పక్కకు పోయిందని ఒకావిడ జాకెట్ తిప్పి పంపింది. అప్పుడూ నేను నమ్మలేదు. వంట, స్కూలు, దిద్దాల్సిన పేపర్లు అన్నీ నా మీదే పడి విసుగెత్తి ఉన్నాను. "పని చేయబుద్ధి కావట్లేదని చెప్పొచ్చుగా" అనేశాను. అక్క లేచి మిషన్ మీద పాత దుప్పటి కప్పింది.

తరువాతి చెకప్‌లో అదే సంగతి డాక్టరుగారికి చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నారు. ఇలాంటి ఆపరేషన్ అయినవాళ్లకు చూపు పూర్తిగా ఎందుకు రావడం లేదో తెలుసుకోవడానికి కొత్త కెమెరాతో ఫోటోలు తీస్తున్నామని, అది కంటి వెనక ఒక్కొక్క కణాన్నీ చూపిస్తుందని చెప్పారు.

"దీనివల్ల మీ కంటికి ఇప్పుడు ఒరిగేదేమీ ఉండదు. తిరగడం మాత్రం శ్రమే. ఆలోచించుకుని చెప్పండి."

"వస్తానండి" అంది అక్క, నా వైపు చూడకుండా.

మూడుసార్లు వెళ్లాం. చుక్కలు వేసి గంట కూర్చోబెట్టేవాళ్లు. తరువాత గడ్డం ఆనించి, పచ్చటి గుర్తు వైపు రెప్ప వేయకుండా చూడాలి. కన్ను కదిలితే మళ్లీ మొదటికే. ఒక పూటంతా అదే తంతు. ఆసుపత్రి బయట బ్రాడీపేట రోడ్డు మీద, ఆ చుక్కలకు ఎండ భరించలేక, అక్క నా భుజం పట్టుకుని కళ్లు మూసుకునే నడిచేది.

మూడోసారి డాక్టరుగారు ఇద్దరినీ లోపలికి పిలిచి తెర మీద ఫోటోలు చూపించారు. బాగున్న ఎడమకంట్లో కణాలు తెల్లటి చుక్కల్లా, గసగసాలు పోసినట్టు ఒత్తుగా ఉన్నాయి. కుడికంట్లో పలచబడ్డాయి, అక్కడక్కడ ఖాళీలు నల్లగా కనిపించాయి.

"రెటీనా అతుక్కుంది గానీ, ఊడి ఉన్న రోజుల్లో కొన్ని కణాలు దెబ్బతిన్నట్టున్నాయి. ఆవిడ చెప్పేది నిజమేనండి" అన్నారు నాతో.

"మళ్లీ వస్తయ్యా అండీ?" అంది అక్క.

"కొందరికి కొంత మెరుగవుతుంది. ఎంతనేది మాకూ తెలియదమ్మా. అందుకే ఈ ఫోటోలు."

తిరుగు బస్సులో అక్కను కిటికీ పక్కన కూర్చోబెట్టాను.

"ఆ మూడు రోజులు ఊరికే పోగొట్టానక్కా" అన్నాను.

"నీకేం తెలుసు. నాకు మాత్రం తెలిసిందా?"

"తరవాత నువ్వు చెప్పినా నమ్మలేదు."

అక్క కిటికీ వైపు తిరిగింది. "అది మాత్రం కష్టమనిపించిందే" అంది.



అక్క చూపు అప్పటి నుంచి పెద్దగా మారలేదు. జాకెట్లు మానేసి, పక్క వీధి టైలరుకు హుక్కులు, కాజాలు కుట్టి ఇస్తోంది. వాటికి వేళ్లు తోడుంటే చాలంటుంది. ఆసుపత్రివాళ్లు ఇంకో రెండుసార్లు ఫోటోలకు రమ్మన్నారు. ఆ బస్సులు, ఆ ఎదురుచూపులు తలుచుకుంటేనే నాకు నీరసం వస్తుంది. అయినా నిన్న స్కూల్లో ఆ రోజులకు సెలవు చీటీ రాసిచ్చాను.