హైమవతి కోటు

దేశ రాజధానిలోని ద్వారకలో ఉండే త్రినాథరావు చొక్కా జేబులో పెన్ను లేకపోయినా కరెంటు తీగలకు చుట్టే నల్లటేపు మాత్రం ఉండేది. జనవరి పొగమంచులో వెనక వచ్చే బండ్లకు తన మోటార్‌సైకిల్ కనిపించదని బెంగపడి, సీటు వెనక వరసగా ఎర్ర లైట్లు బిగించాడు. తీరా చూస్తే, రోజూ వెనక కూర్చుని, తాను పాఠాలు చెప్పే బడికి వెళ్లే భార్య హైమవతి ఎర్రకోటు వాటిని పూర్తిగా కప్పేసేది.

"కోటు కాస్త పైకి పట్టుకో హైమా."

"చలికి చస్తుంటే మీ దీపాలకు దారివ్వాలా?" అని ఆవిడ కసిరింది.

ఆదివారం ఆవిడ కూరలకు వెళ్లగానే ఆయన ఆ ఎర్రకోటు వీపు మీద, రంగులో కలిసిపోయేలా, బఠాణీ గింజలంత ఎర్ర లైట్లు కుట్టేశాడు. మర్నాడు బ్రేకు వేస్తే ఆ లైట్లు వెలిగేలా కోటు అంచుకు బండి తీగ తగిలిస్తూ, "చక్రంలో పడకుండా క్లిప్పు" అని బొంకాడు. కూడలిలో బ్రేకు వేయగానే వెనక బస్సు కీచుమంటూ జానెడు దూరంలో ఆగింది.

"మీ వీపు వెలగకపోతే గుద్దేసేవాణ్ణి దీదీ!" అన్నాడు డ్రైవరు హిందీలో.

హైమవతి కోటు విప్పి చూసింది, తర్వాత మొగుణ్ణి చూసింది. ఆయన తిట్లకు సిద్ధపడి తల వంచుకున్నాడు.

"దీని స్విచ్చి నా చేతికివ్వండి," అంది ఆవిడ.

మర్నాడు వెనక నుంచి ఒక కారు హారన్ కొడుతూ మీదికి వచ్చేస్తుంటే హైమవతి వీపంతా భగ్గుమంది. కారు బెదిరి వెనక్కి తగ్గింది.

"నేనసలు బ్రేకే వేయలేదే!" అని త్రినాథరావు లబలబలాడాడు.

"నేను వేశాను," అంది హైమవతి.