ఎల్లోని గ్రీన్ అన్న రోజు

1988 జూలైలో మా పరిశోధన సంస్థ నన్ను రీసెర్చ్ ఆఫీసరుగా బిలాస్‌పూర్ పంపింది. చిన్నపిల్లల్లో నత్తి, ఆటిజం తొలిదశలో ఎలా కనిపిస్తాయో గమనించడం నా పని. రైల్వే ఆసుపత్రి వాళ్లు ఒక గది ఇచ్చారు. పక్క గదిలో ఇంజన్ సిబ్బందికి వైద్య పరీక్షలు జరిగేవి.

మా పద్ధతి ప్రకారం ముందు బిడ్డను ఆడుకోనిచ్చి చూడాలి. తర్వాత మాటలు టేపు మీద రికార్డు చేయాలి. చివర కుటుంబ చరిత్ర అడగాలి.

సెప్టెంబరులో గౌరి అనే ఆరేళ్ల పాపను తీసుకొచ్చారు. తండ్రి అప్పలరాజు రైలింజను మీద అసిస్టెంట్ డ్రైవరు. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. గౌరి బడిలో నోరు విప్పదు. పిలిస్తే ముఖం తిప్పుకుంటుంది. సీసా మూతలు రంగులవారీగా పేర్చుకుంటూ కూర్చుంటుంది. దసరా సెలవుల్లోగా నా రిపోర్టు రాకపోతే పేరు కొట్టేస్తామనీ, పాపను దూరాన ఉన్న మందబుద్ధుల హాస్టల్లో చేర్పించమనీ బడివాళ్లు చెప్పేశారు.

ఆటిజం అన్న మాట అప్పట్లో ఆ ఊళ్లో విన్నవాళ్లు తక్కువ. అది ఆటిజం కావచ్చు, లేదా నత్తికి భయపడి బిడ్డ మాటే మానేసి ఉండవచ్చు. పైకి రెండూ ఒకలాగే ఉంటాయి. ఆటిజమే అయినా హాస్టలు దానికి మందు కాదు. కానీ ఏం చేయాలో చెప్పాలంటే ముందు ఏదో తేలాలి.

వరసగా మూడు సిట్టింగుల్లో టేపు మీద ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ పడలేదు. నాకు కుదురు లేకుండా పోయింది. అన్నం ముందు కూర్చుని లేచిపోయేదాన్ని. సాయంత్రాలు స్టేషనుకు వెళ్లి ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచొచ్చినా కాలు నిలిచేది కాదు.

ఇంట్లో ఎవరికైనా నత్తి ఉందా అని అడిగితే తల్లి పార్వతి జవాబిచ్చింది.

“మా ఇంట ఎవలికీ నేదు మేడమ్. ఏటి, నత్తి మాకెందుకొస్తాది?”

మీరు చెప్పండి అని అప్పలరాజు వైపు తిరిగాను.

“ఆయన్నడక్కండి. పెళ్లిచూపుల్లో కూడా ఆయన మాటలు నానే మాటాడాను,” అని పార్వతి నవ్వేసింది.

ఆయన నవ్వలేదు. దవడ బిగుసుకుంది. పక్క గది తలుపు వైపు ఒకసారి చూసి లేచి వెళ్లిపోయాడు. పిలిచినప్పుడు గౌరి దవడ కూడా అచ్చం అలాగే బిగుసుకునేది.

మర్నాడు ఆయన కర్గీ రోడ్ స్టేషను నుంచి వచ్చిన గూడ్సు దిగి, డ్యూటీ బట్టలతోనే వచ్చాడు. భార్యనూ కూతుర్నీ వరండాలో ఉంచి తలుపు మూశాడు.

“నా... నా... నాకూ ఉంది మేడమ్. ఇ... ఇది తెలిస్తే ఇంజన్ మీంచి దింపేస్తారు.”

సిగ్నల్ కనబడగానే అసిస్టెంటు దాని రంగు గట్టిగా చెప్పాలి. డ్రైవరు అదే తిరిగి చెప్పాలి. అక్కడెలా నెట్టుకొస్తున్నారని అడిగాను.

“అక్కడ ఆగదు మేడమ్,” అన్నాడు.

అలవాటైన మాట, ఇద్దరు గొంతు కలిపి చెప్పే మాట నత్తి ఉన్నవాళ్లకు చాలాసార్లు సాఫీగా వస్తుంది. తల్లీకూతుళ్లను లోపలికి పిలిచి, తండ్రి పక్కన గౌరిని బెంచీ మీద కూర్చోబెట్టాను. గౌరి మూతలనే సిగ్నళ్లుగా పట్టుకున్నాను. ఆకుపచ్చకు తండ్రి “గ్రీన్” అన్నాడు. పాప పెదవులు కదిలాయి. ఎరుపుకు ఇద్దరి గొంతులూ కలిశాయి: “రెడ్.” తర్వాత పసుపు మూత ఎత్తాను.

“గ్రీన్!” అన్నాడాయన.

గౌరి బెంచీ మీంచి దూకింది. తల్లి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

“అ... అ... అమ్మా! నా... నాన్న తప్పు సెప్పాడే! ఎ... ఎల్లో!”

తల్లి కళ్లలోకి చూసి, మూత వైపు వేలు చూపించి, మళ్లీ ఆ కళ్లలోకి చూసి నవ్వింది.

“అరే, డ్రైవరుబాబు ఉజ్జోగం ఊడిందిపో!” అంది పార్వతి.

తనకు నవ్వు తెప్పించిన దాన్ని పంచుకోవడానికి ఎదుటివాళ్ల కళ్లను వెతకడం ఆటిజంలో సాధారణంగా తగ్గిపోతుంది. నత్తి ఉన్న పిల్లలు ఎక్కువగా మాట ఆగేచోట చూపు తప్పిస్తారు. అయినా ఒక్క చూపుతో తేల్చలేదు. మరో రెండు వారాలు గమనించి గౌరిది నత్తి అని రాశాను. పాపను ఒంటరిగా నిలబెట్టి చదివించవద్దనీ, తరగతితో గొంతు కలపనివ్వమనీ సూచించాను. బడివాళ్లు ఉంచుకున్నారు. నత్తి పోలేదు. మాట మొదలైంది.

తండ్రి సంగతి సంస్థ రికార్డులో పేరు లేకుండా నమోదు చేశాను. ఆసుపత్రికి అది చేరలేదు. రంగు తప్పెందుకు చెప్పారని ఆయన్ని అడిగాను.

“డ్యూటీలో ఎ... ఎప్పుడూ తప్పలేదు మేడమ్,” అన్నాడు. ఇక్కడ కావాలనే తప్పాడన్నమాట.

బిడ్డ చూపు తప్పించిన సందర్భాలతో పాటు చూపు కలిపిన సందర్భాలూ రాసుకోవాలని ఆ కేసుతో తెలిసింది. ఒక మనిషి ఉద్యోగం తేల్చే గది పక్కన కూర్చుని అతని నత్తి గురించి అడగకూడదనీ తెలిసింది. నవంబరు నుంచి కుటుంబ చరిత్ర వాళ్ల క్వార్టర్లకే వెళ్లి అడిగాను.