నూట అరవై అయిదు

సాయంత్రం నాలుగున్నర. పొద్దుటి నుంచి వదలని ముసురు. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. ఒక గంట ముందు వదలమని మేస్త్రిని బతిమాలుకుని, ఆ గంటకు బదులు మధ్యాహ్నం అన్నం మానేసి పని చేశాడు మరి. భుజం మీద అప్పుడే కొన్న కంప్యూటర్ మానిటర్ పెట్టె, దాని మీద రెండు మడతల ప్లాస్టిక్ పట్టా. ఇరవై నాలుగేళ్ళుగా గొడౌన్లో బస్తాలు మోసిన భుజానికి అదొక బరువా? కానీ ఏ బస్తానీ ఇంత భయంగా మోయలేదు. నీళ్ళ గుంట కనిపిస్తే చాలు, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఒళ్ళంతా దగ్గరకు తీసుకుని నడిచాడు.

ఆరో తరగతితో చదువు ఆపేసిన మనిషి. అలాంటి మనిషికి కంప్యూటర్ ఆట నేర్పింది అతని బావమరిది. కింద వీధి వైపు గదిలో కంప్యూటర్లు బాగుచేసే షాపు వాడిది. పైవాటాలో ఇతనూ భార్యా. పదకొండేళ్ళ కిందట పనికిరాని ముక్కలన్నీ పోగేసి, "ఇదిగో బావా, నీకూ ఒక కాలక్షేపం" అని ఒక పెట్టె తయారుచేసి ఇచ్చాడు. తుపాకులతో కాల్చుకునే ఆట. ఇతను, బావమరిది, గొడౌన్ గుమాస్తా, ఒక లారీ డ్రైవరు కలిసి నలుగురి జట్టు. ఆదివారం మధ్యాహ్నం బావమరిది కింద షాపులో, మిగతావాళ్ళు ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆడేవాళ్ళు. ఇతను తలుపు తోసుకుని ముందు వెళ్ళాలి, మిగతా ముగ్గురూ వెనక రావాలి. గుమాస్తా ఇతనికి 'గురి బాబాయ్' అని పేరు పెట్టాడు. అదే ఉండిపోయింది.

మిగతా ముగ్గురూ ఒక్కొక్కరే కొత్త మానిటర్లకు మారారు. సెకనుకు నూట అరవై అయిదు బొమ్మలు చూపించేవి. ఇతని పాతది అరవై చూపించేది. ఆ తేడాతో ఏడాదిగా వెనకబడుతుంటే, చివరికి ఇతనూ కొన్నాడు.

ఆ సాయంత్రం బావమరిదే వచ్చి బిగించాడు. మౌస్ కదిపితే తెర మీద బాణం గుర్తు నూనె రాసినట్టు జారింది.

"ఏమండీ, అది బాణమా, చేపపిల్లా?" అంది భార్య, తడి చేతులు చీరకు తుడుచుకుంటూ.

మూడు రోజులు పండగే, పని నుంచి రాగానే ఒక్కడే ఆడుకునేవాడు. ఆటలో అవతలి మనిషి మూల తిరగకముందే ఇతని గుండు అక్కడ ఉండేది. నాలుగో రోజు బావమరిది పైకొచ్చి, "ఏదో అప్‌డేట్ వెయ్యాలి బావా, నువ్వు స్నానం చేసిరా" అన్నాడు. ఇతను ఒళ్ళు తుడుచుకుని వచ్చేసరికి వాడు వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి ఆ జారుడు లేదు.

"ఒరేయ్, ఏదో తేడాగా ఉందిరా."

"ఏ తేడా లేదు బావా. కొత్త మోజు తీరింది, అంతే. పెళ్ళయిన కొత్తలో మా అక్కని చూసినట్టు ఇప్పుడు చూస్తున్నావా?"

"చూస్తే కదా!" అంది లోపల్నుంచి భార్య. ముగ్గురూ నవ్వుకున్నారు.

ఇంకో రెండుసార్లు చెప్పుకున్నాడు. రెండుసార్లూ వాడొచ్చి, కుర్చీలో కూర్చుని, అటూ ఇటూ నొక్కి చూసి, అంతా బాగానే ఉందన్నాడు. రెండోసారి ఇతని భుజం మీద చెయ్యి వేశాడు. "మెషీన్‌ది కాదు బావా. వయసు. చూపు బాగానే ఉంటుంది, చెయ్యే ఆలస్యంగా కదులుతుంది. దీనికి కళ్ళజోడు లేదు, మందు లేదు."

నిజమే కాబోలు అనుకున్నాడు. గొడౌన్లో అట్టపెట్టె జారితే పట్టుకోగలుగుతున్నాడా లేదా అని తనను తానే గమనించుకోవడం మొదలుపెట్టాడు. ఒకసారి జారింది, అందలేదు. అంతకుముందు ఎన్నిసార్లు అందలేదో ఎవరు గుర్తు పెట్టుకుంటారు? ఆ ఆదివారం, "ఇకనుంచి నువ్వే ముందు నడువురా" అని బావమరిదికి తన చోటు ఇచ్చేశాడు. వాడు ఒక్కసారి కూడా వద్దనలేదు.

ఆ నెలలోనే మేస్త్రి పిలిచాడు. "నీ నడుముకి ఇక మోత చాలురా. ఫోర్క్‌లిఫ్ట్ బండితో సరుకులెత్తేవాడు మానేస్తున్నాడు. ఆ సీటు నీకే. నేర్చుకో."

ఇరవై నాలుగేళ్ళలో మొదటిసారి కూర్చుని చేసే పని! ఇంటికి పరిగెత్తినంత పనిచేసి, షాపు గడపలోనే చెప్పాడు. బావమరిది ఎవరిదో కంప్యూటర్‌కి మరలు బిగిస్తున్నాడు. తలెత్తలేదు.

"ఏరా, తోలగలనంటావా? చెయ్యి ఆలస్యమవుతోందన్నావుగా."

మర ఒకటి జారి కింద పడింది. వంగి వెతుక్కుంటూ అన్నాడు వాడు. "నీ ఇష్టం బావా. కింద మనుషులు తిరుగుతుంటారు కదా, అదీ..."

అంతే అన్నాడు. ఆ రాత్రి ఇతనికి కన్ను మూస్తే ఆ బండి కింద ఎవరో నలిగిపోతున్నట్టే ఉంది. పొద్దున్నే వెళ్ళి మేస్త్రికి, "నా వల్ల కాదు, ఇంకెవరికైనా ఇవ్వండి" అని చెప్పేశాడు. మేస్త్రి ఎగాదిగా చూసి, "కూర్చోబెడతానంటే వద్దనేవాణ్ణి నిన్నే చూశాను" అన్నాడు. తనకంటే పదేళ్ళ తర్వాత పనిలో చేరినవాడు ఆ సీటెక్కాడు. వాడు ఎత్తి పెట్టే సరుకు కిందే ఇతను మళ్ళీ వీపు వంచాడు.

మూడు వారాల తర్వాత, ఒక ఎలక్ట్రానిక్స్ షాపులో సరుకు దించడానికి వెళ్ళాడు. అక్కడ పక్కపక్కనే రెండు తెరలు. రెండిట్లోనూ ఒకే కారు పరిగెడుతోంది. ఎడమవైపు కారు తడబడుతోంది, కుడివైపుది జారుతోంది. తలమీద పెట్టెతోనే నిలబడిపోయాడు.

"అమ్మా, ఆ కుడివైపుది బాగా నున్నగా కదులుతోంది కదూ?"

"అబ్బో, ఇట్టే పట్టేశారే!" అంది కౌంటర్ దగ్గరి అమ్మాయి. "చాలామందికి నేను చెబితే గాని తెలియదు. రెండూ ఒకే మోడల్. ఎడమదాన్ని సెట్టింగులో అరవైకి తగ్గించి పెట్టాం, తేడా తెలియాలని."

"తగ్గించొచ్చా?"

"ఎవరో ఒకరు తగ్గించాలి. వాడుతుండగా దానంతటదే ఊరికే తగ్గదు."

ఇంటికొచ్చి, అక్షరాలు కూడబలుక్కుంటూ కంప్యూటర్‌లో ఆ సెట్టింగు పేజీ పట్టుకున్నాడు. అరవై అని ఉంది. నొక్కితే కింద వరసగా అంకెలు తెరుచుకున్నాయి. చివరిది నూట అరవై అయిదు. దాన్ని నొక్కాడు. బాణం జారింది. తన చెయ్యి ఎంత వేగంగా కదిలితే అంత వేగంగా, వెంట్రుకవాసి కూడా వెనకబడకుండా.

అయినా మనసు ఒప్పుకోలేదు. పొరపాటున జరిగి ఉంటుందిలే, ఎంతైనా నా బావమరిది అని సర్దిచెప్పుకున్నాడు. ఎవరితోనూ అనలేదు. ఆదివారం దాకా ఆగాడు.

ఆదివారం ఆట మొదలైన రెండు నిమిషాలకే అవతలి జట్టులో ముగ్గురిని పడగొట్టాడు.

"ఓయబ్బో! ఇది మన ముసలోడేనా, సీట్లో ఇంకెవరన్నా కూర్చున్నారా?" అని అరిచాడు లారీ డ్రైవరు.

"గురి బాబాయ్! పొద్దున్న ఏం తిన్నావు, నాకూ పంపించు" అన్నాడు గుమాస్తా.

నాలుగోవాడు కూడా పడ్డాడు. హెడ్‌ఫోన్లో బావమరిది గొంతు వచ్చింది, సన్నగా.

"బావా... నువ్వు ఆ అంకె మార్చావా?"

"ఏ అంకె?" అన్నాడు గుమాస్తా.

ఇతని చెయ్యి మౌస్ మీద అలాగే ఉంది. ఆటలో చోటు పోతే పోయింది. ఆ రోజు షాపు గడపలో నిలబడి, బండి తోలగలనా అని తను అడిగాడు కదా! వాడు మర వెతుక్కుంటున్నట్టు వంగి, మొహం దాచుకుని, 'మనుషులు తిరుగుతుంటారు' అన్నాడే! తన చేతులు బాగున్నాయని ఈ లోకంలో తెలిసినవాడు వాడొక్కడే.

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. చొక్కా వేసుకుని మెట్లు దిగాడు. బావమరిది షాపు గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చి నిలబడ్డాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బావా, ఆటే కదా అనుకున్నాను. ఒక్క నెల నేను ముందుండి, తర్వాత మార్చేద్దామనుకున్నాను. ఆ బండి సంగతి వచ్చాక ఇక నోరు రాలేదు. తిట్టు బావా. పోనీ కొట్టు. ఏదో ఒకటి అను."

మేడ మీద నుంచి భార్య వంగి చూసింది. "ఏమైందండీ? ఎక్కడికి?"

ఇతను చెప్పులు వేసుకున్నాడు. ఒక చెప్పు పట్టీ మెలిక పడితే ఆగి, వంగి, తాపీగా సరిచేసుకున్నాడు. బావమరిది ఇంకేదో అంటూనే ఉన్నాడు. గేటు గడియ తీసి, మళ్ళీ జాగ్రత్తగా వేసి, వీధిలోకి నడిచాడు.