కరుణక్క చూడని మంచు

పొద్దున షట్టరెత్తగానే కొత్త రబ్బరు వాసన గుప్పుమని ముఖానికి కొడుతుంది. రాత్రంతా మూసి ఉన్న కొట్లో ఆ వాసన చిక్కబడి ఉంటుంది. కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు గానీ, నాకు మాత్రం అది తగిలితే చాలు, గల్లాపెట్టె వెనక కరుణక్క కూర్చుని ఉన్నట్టే ఉంటుంది. చెప్పులు పక్కన విడిచి, కొంగు సర్దుకుని మరీ లోపలికి వెళ్తాను. ఆ వెంటనే సిగ్గు మొదలవుతుంది. ఆ సిగ్గు మొదట నాది కాదు, ఆమెది. పోతూ పోతూ కొట్టుతోపాటు దాన్ని కూడా నాకే అప్పజెప్పి పోయింది మహాతల్లి.

మార్టూరు దగ్గర హైవే పక్కన టైర్ల కొట్టు ఆమెది. పిల్లలు లేరు. భర్త పోయాక కొట్టు అమ్మేయమని అయినవాళ్ళంతా చెప్పినా వినకుండా తనే గల్లాలో కూర్చుంది. నేను చీరాలలో మగ్గాల ఇంటి పిల్లను. పెళ్ళయి మార్టూరు వచ్చి, పాఠాలు చెప్పే ప్రైవేటు బడి మూతపడితే బిల్లులు రాయడానికి ఆమె దగ్గర చేరాను. మొదటి రోజు "మేడం" అన్నానో లేదో గయ్యిమంది. "మేడమేంటే, ఇదేమన్నా కాన్వెంటా? అక్కా అను, నోరారా." ఆదివారం చర్చికి వెళ్ళడం మానేది కాదు. అయినా కొత్త టైర్ల కింద తొక్కించుకోవడానికి నిమ్మకాయలు తెచ్చుకోవడం మరిచిపోయే హిందువుల కోసం ఫ్రిజ్‌లో ఎప్పుడూ అరడజను కాయలు ఉంచేది. ఎవరైనా బండి పక్కన బిక్కమొహం వేసుకుని నిలబడితే, "ఇదిగో నాయనా, తొక్కించుకుని క్షేమంగా పో" అని తనే తెచ్చి చేతిలో పెట్టేది.

బండి వస్తే ముందు టైరు సంగతి ఎత్తేది కాదు. "ఎక్కడెక్కడ తిరుగుద్దండీ మీ బండి?" అని అడిగేది. క్వారీ దారి అంటే రాతి పెచ్చులకు చీలని గట్టి టైరు, పత్తి చేల దారి అంటే బురదను విదిలించే లోతు గాడుల టైరు, హైవే అంటే చప్పుడు చేయని మెత్తటి టైరు. జవాబు తడుముకునేది కాదు. నేను చేరిన కొత్తలో ఒకాయన ఏదో అడిగితే "తెలియదండీ" అన్నాను. ఆయన నవ్వి, పక్క కొట్టుకు వెళ్ళిపోయాడు. అంతే, కరుణక్క నా మీద విరుచుకుపడింది.

"ఒసేయ్ పద్మా, మగాడు తెలీదంటే పాపం మర్చిపోయాడనుకుంటారు. మనం తెలీదంటే అసలేమీ తెలీదనుకుంటారు. ఇంకెప్పుడూ ఆ మాట ఈ కొట్లో అనకు."

నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను. లారీ ఓనర్లూ గ్రానైటు ఫ్యాక్టరీల వాళ్ళూ ఆమె ఎదుట చేతులు కట్టుకుని వింటుంటే, ఆ పక్కన కూర్చున్న నాకు కూడా ఎక్కడలేని గర్వం వచ్చేది. ఆ రోడ్డు మీద ఆమెకు ఉన్న ఆస్తి అదొక్కటే, కరుణమ్మ చెప్పిందంటే తిరుగులేదన్న పేరు.

శేషగిరి గారిది గ్రానైటు పాలిషింగు ఫ్యాక్టరీ. ఆయనకు నేలను రాసుకుంటూ పోయే ఎర్రటి స్పోర్ట్స్ కారు ఒకటి ఉండేది. దాని వేగం సంగతేమో గానీ, ఊళ్ళో స్పీడ్ బ్రేకరు కనిపిస్తే ఆయన దిగి, వంగి చూసుకుని మరీ ఎక్కించేవారు. ఒక చలికాలం ఆయనా స్నేహితులూ కుటుంబాలతో సిమ్లా వైపు కార్లలో వెళ్ళి మంచు చూడాలనుకున్నారు.

"ఇప్పుడున్న స్పోర్ట్స్ టైర్లు ఆ చలికి పనికిరావంటున్నారమ్మా. చలికాలం టైర్లని విడిగా ఉంటాయట. అవి తెప్పించమంటారా, అన్ని కాలాలకీ వేసే ఆల్ సీజన్ సరిపోతాయా?" అని అడిగారు.

కరుణక్క కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. ఆమె తడుముకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. "మంచంటే ఏముందండీ, గట్టిపడిన నీళ్ళేగా! వానొచ్చిన రోజున మన నల్లరేగడిలో జారని టైరు అక్కడ జారుద్దా? పైగా ఆ చలికాలం టైర్లు మరీ మెత్తన. తిరిగొచ్చాక మన ఎండకి అరిగి కూర్చుంటాయి. ఆల్ సీజన్ వేసుకోండి, పూచీ నాది" అంది.

ఎండ సంగతి నిజమే. నల్లరేగడి సంగతీ నిజమే. ట్రాక్టరు చేలోంచి ఈడ్చుకొచ్చిన బురద మీద వాన పడితే మన రోడ్డు ఎంత పని చేస్తుందో ఇక్కడ పుట్టినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. అంతకు మించి జారేది భూమ్మీద ఇంకోటి ఉంటుందని మాకెవరికీ తోచలేదు. టైర్లు మార్చాము, నిమ్మకాయలు చితికాయి, కారు వెళ్ళిపోయింది.

తిరిగొచ్చాక శేషగిరి గారు వంగిపోయిన చక్రం రిమ్ము పట్టుకుని కొట్టుకు వచ్చారు. నవ్వుతూనే చెప్పారు. "వంపులో బ్రేకు తొక్కానమ్మా. చక్రాలు ఆగినయ్యి, కారు ఆగలా. పక్క గోడకి కొట్టింది. మా విజయకి మోచెయ్యి విరిగితే ప్లేటు వేశారు. అక్కడి మెకానిక్కు టైరు నొక్కి చూసి, ఈ రబ్బరు ఇంత చలికి బిగుసుకుపోద్ది, ఎవరు వేయమన్నారని ఒకటే తిట్టు. నేనే వేయించుకున్నానని చెప్పా. మీ పేరు ఎత్తలేదు లెండి."

ఆ చివరి మాటకి కరుణక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆయన అటు వెళ్ళగానే కొట్టు మూసేయమంది.

"పద, వాళ్ళింటికెళ్ళాలి."

"ఆయనే పోనీలెమ్మన్నారుగా అక్కా! మనమెళ్ళి గెలుక్కోవడం దేనికి?"

"ఆయనన్నాడు. ఆవిడ అనలేదుగా."

బత్తాయిలు కొనుక్కుని వెళ్ళాం. హాలు నిండా పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళు. మధ్యలో విజయలక్ష్మి గారు, మెడకు కట్టిన పట్టీలో చెయ్యి పెట్టుకుని కూర్చుంటే వెనక పనిమనిషి జడ వేస్తోంది. కరుణక్క ఆవిడను పక్కకు పిలిచి చెబుతుందనుకున్నాను. లేదు. అందరి ముందూ నిలబడి చెప్పేసింది.

"అమ్మా, నాకు మంచు గురించి తెలీదు. సినిమాల్లో తప్ప చూసి ఎరగను. తెలీదని చెప్పడానికి నామోషీ అయి, తెలిసినట్టు చెప్పా. మీ చెయ్యి విరగ్గొట్టింది నేనే."

భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది నాకు. ఎవరు అక్క ఎదుట చేతులు కట్టుకుంటే ఇన్నాళ్ళు గర్వపడ్డానో ఆ ఇళ్ళ ఆడవాళ్ళే అక్కడున్నారు. ఒకావిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. విజయలక్ష్మి గారు మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. జడ వేస్తున్న పనిమనిషిని ఆగమని అన్నారు. "ఆయన వెళ్దామంటే నేనే భయపడి వద్దన్నా కరుణమ్మ గారూ. 'ఆడమనిషి, నీకేం కానివ్వదు, ఆవిడే పూచీ ఇచ్చింది' అని ఆయన చెప్తే బయల్దేరా. తెలీదని ఒక్క మాట అనుంటే ఇంకెవర్నన్నా అడిగేవాళ్ళంగా?"

కాఫీలు వచ్చాయి. కరుణక్క గ్లాసు పట్టుకుందే గానీ పెదవికి తాకించలేదు. వచ్చేటప్పుడు ఆటోలో నా చెయ్యి పట్టుకుని, "నీక్కూడా తప్పే నేర్పా కదే" అని ఏడ్చింది. ఆమె ఏడవడం చూసి నాకు మరీ సిగ్గేసింది. ఎటు చూడాలో తెలియక రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

వారం తిరక్కుండానే ఊరంతా పాకింది. కాశ్మీరు కరుణమ్మ అని పేరు పెట్టారు. గ్రానైటు వాళ్ళ కార్లు రావడం తగ్గిపోయింది. వచ్చినవాళ్ళు కూడా, "ఏం కరుణమ్మా, మా ఊళ్ళో మంచు పడితే ఈ టైరు ఆగుద్దా?" అని వేళాకోళం. ఆమె చెవులు ఎర్రబడేవి. అయినా తెలియనిది ఎవరైనా అడిగితే, "తెలీదండీ, కనుక్కుని చెప్తా" అనేది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు వణికేది, ఎన్నేళ్ళయినా ఆ వణుకు పోలేదు. నేను బిల్లు పుస్తకంలో తల దూర్చేసేదాన్ని. ఎందుకొచ్చిన బతుకు అక్కా, కొట్టు అమ్మేద్దాం అని కూడా అన్నాను. "అమ్మేస్తే ఆవిడ చెయ్యి అతుక్కుంటుందా?" అంది.

పోయినేడాది గుండెపోటుతో వెళ్ళిపోయింది. అంత్యక్రియలకు వాళ్ళింటి నుంచి శేషగిరి గారు ఒక్కరే వచ్చారు.

మొన్న కొట్టు ముందు కొత్త కరెంటు కారు ఆగింది. విజయలక్ష్మి గారు దిగారు. మా గడప తొక్కడం ఆవిడకు అదే మొదటిసారి. కుడి మోచెయ్యి పూర్తిగా చాపలేక కొంచెం వంచే ఉంచుకున్నారు.

"ఈ కార్లు బాగా బరువట కదమ్మా. మామూలు ఆల్ సీజన్ టైర్లు వేయించొచ్చా, వేరేవి కావాలా?"

ఆ కారు టైర్లు నేనెప్పుడూ విప్పి చూడలేదు. ఏదో ఒక జవాబు నాలుక దాకా వచ్చింది, అబద్ధమెందుకు. గొంతు వణికింది. ఆ వణుకు నాదో అక్కదో తెలియలేదు.

"నాకు తెలియదండీ."

ఆవిడ నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, కుర్చీ లాక్కున్నారు.

"అయితే కనుక్కో. కూర్చుంటా."

ఒంగోలు డీలరుకి ఫోను చేశాను. మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ చేతివైపు మాత్రం చూడలేకపోయాను.