నూరు క్యాండిల్ బల్బు కింద సంజీవి

సంజీవిది కళ్ళతో చేసే పని. కొత్త పడుగు మగ్గమెక్కే ముందు దాని రెండు వేల పోగులనూ ఒక్కొక్కటిగా సన్నని తీగల కన్నాల్లోంచి కొక్కెంతో లాగాలి. అవతల కూర్చుని తోటి పనివాడు రత్నసభాపతి పోగు అందిస్తాడు, ఇవతల సంజీవి లాగుతాడు. ఒక్క పోగు కన్నం తప్పిందా, బట్ట పొడుగునా గీత పడుతుంది. సంజీవి లాగిన పడుగులో తప్పు వెతకడమంటే కోడిగుడ్డుకు ఈకలు పీకడమేనని అరవదేశంలోని పీలమేడు బట్టల మిల్లులో మేస్త్రీలే అనేవారు.

ఆ కళ్ళకి ఇంకో పని కూడా ఉండేది. మిల్లు పనివాళ్ళుండే లైన్లో ఇరవై ఇళ్ళ తెలుగువాళ్ళున్నా, తెలుగు చదవగలిగినవాడు ఆయనొక్కడే. మిగిలినవాళ్ళందరిదీ అరవబడి. సంజీవివి చిన్నప్పుడు ఒక ముసలాయన ఇసకలో దిద్దించిన అక్షరాలు. ఆ అక్షరాల బలంతోనే మద్రాసు నుంచి పోస్టులో నవలలు తెప్పించుకుని, పగటి షిఫ్టు దిగి వచ్చాక భార్య కమలానికి చదివి వినిపించేవాడు. ఆ ఏడు వచ్చిన నవలలో ఒక పిల్ల తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ గోదావరి మీద పడవలో పోతుంటుంది.

"మన నొయ్యల్ కన్నా పెద్దదాండి ఆ ఏరు?" అని కమలం అడిగేది.

"నేనేం చూసొచ్చినానా? పెద్దదనే రాసుండారు."

"సరిపోయింది! చూడనోళ్ళు సదివేది, సదవనోళ్ళు వినేది."

ఆ ఇంటికి వాకిలి ఒక్కటే, కిటికీ లేదు. పట్టపగలైనా బల్బు వేసుకోవలసిందే. మొదట్లో ఇరవై అయిదు క్యాండిల్ బల్బు చాలింది. తరువాత నలభై అయింది, అరవై అయింది, ఆ ఏడు ఆషాఢంలో నూరు అయింది. "ఇంక సూర్యుణ్ణే తెచ్చి దూలానికి కట్టేయండి" అని కమలం నవ్వింది. అప్పుడప్పుడు బల్బు చుట్టూ రంగురంగుల వలయం కనిపించి నుదురు పోటెత్తేది. పడుకుంటే తగ్గిపోయేది. డాక్టరుకు చూపించమంటే, "ఆవగింజంత అచ్చు సదువుతా ఉండా. నా కంటికేమొచ్చింది?" అనేవాడు. చదవగలిగినంత కాలం కన్ను బాగున్నట్టేనని ఆయన నమ్మకం.

కార్తీకంలో తుఫాను పట్టుకుంది. కొండమీద పైకారా నుంచి వచ్చే కరెంటు తీగలు తెగిపడ్డాయన్నారు. మిల్లు ఆగిపోయింది. పుట్టినప్పటినుంచి వింటున్న ఆ రొద ఆగేసరికి లైన్లో పసిపిల్లలు నిద్రలోంచి ఉలిక్కిపడి లేచారు. గాలివానకి వాకిలి తెరిచే వీల్లేదు. మూలనున్న ఆముదం దీపానికి తన ప్రమిద వరకే వెలుతురు.

రెండోరోజు సంజీవికి తలపోటు వచ్చింది. ఈసారి పడుకున్నా పోలేదు. కళ్ళు నిప్పుకణికలయ్యాయి, వాంతులయ్యాయి. ఈదురుగాలి తగిలిందని కమలం మిరియాల కషాయం పోసి, నుదుటికి శొంఠి పట్టు వేసింది. నాలుగోరోజుకి పోటు కొంచెం దిగింది.

"ఏమండీ, నా మొగం తెలుస్తా ఉందా?"

"ఈ చీకట్లో ఎవరి మొగం ఎవరికి తెలిసేది? కరెంటు రానీ."

లైనంతా ఆ మాటే అంటోంది. పక్కింటి భాగ్యం బియ్యంలో రాళ్ళు కనబడక, "కరెంటు రానీ, పళ్ళు మిగిలితే చూసుకుందాం" అని గోడ అవతల నుంచి అరిచింది. అందరూ తడుముకుంటున్న చోట తానూ తడుముకోవడం ఆయనకి వింతగా తోచలేదు.

ఆరోరోజు మధ్యాహ్నం కరెంటు వచ్చింది. ఇరవై ఇళ్ళలోంచీ ఒక్కసారి కేక లేచింది. కమలం పుస్తకం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"సదవండి. పావం, ఆ పిల్లని ఆరు దినాలుగా ఏటి నడుమ నిలబెట్టేసినారు."

సంజీవి పుస్తకం తెరిచాడు. పైన పాలిపోయిన ముద్ద ఒకటి ఉంది. అది బల్బు. ఒళ్ళో ఇంకో ముద్ద. అది పేజీ. అక్షరం లేదు. ఇంకా దగ్గరికి తెచ్చుకున్నాడు. కాగితం ముక్కుకు తగిలింది.

"బల్బు మాడిపోయిండాదేమో" అన్నాడు.

ఆ వెలుతురులో కమలానికి చీపురు పుల్లలు కూడా విడివిడిగా కనబడుతున్నాయి.

మర్నాడు రత్నసభాపతి తన ఊరు తుడియలూరు నుంచి వచ్చి, చెయ్యి పట్టుకుని బస్సెక్కించి, కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు రెప్పలెత్తి చూశాడు, వేలితో నొక్కి చూశాడు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయింది, ఇక చూపు రాదన్నాడు. ఈ జబ్బు ముందు అంచుల చూపును తింటుంది, మంచి వెలుతురుంటే నడిమి చూపుతో చివరిదాకా చదువుకోవచ్చన్నాడు. పోటు వచ్చిన రోజే తెచ్చి ఉంటే కొంతైనా నిలిచేదన్నాడు.

"ఎన్నాళ్ళనుంచి తగ్గింది చూపు?"

"ఆరు దినాలు సార్" అన్నాడు సంజీవి.

"ఆరు మాసాలు సార్" అన్నాడు రత్నసభాపతి.

సంజీవి ఆ గొంతు వైపు తిరిగాడు. "ఏమప్పా అంటా ఉండావు?"

"నువ్వు అన్నానికి పోయినప్పుడు, షిఫ్టు దిగి పోయినాక తప్పిన పోగులు విప్పి నేను మళ్ళా లాగేవాణ్ణి మామా. తెలిస్తే పనిలోంచి తీసేస్తారని ఎవరికీ చెప్పలే. నువ్వేమో ఇంట్లో పుస్తకాలు సదువుతానే ఉండావు. కళ్ళు బాగుండాయి, చెయ్యే వణుకుతా ఉందనుకొంటి..."

డాక్టరు కలం కాగితం మీద గీరుతోంది.

"పడుగుకి ఎన్ని తప్పేవి?" అన్నాడు సంజీవి.

"వద్దులే మామా."

"చెప్పప్పా."

"మొదట్లో నాలుగైదు. పోయిన మాసం నుంచి... సగానికి సగం నేనే లాగినా."

సంజీవి తల ఊపి కుర్చీలోంచి లేచాడు. రెండడుగులు వేసి, వాకిలి ఎటుందో తెలియక, అక్కడే నిలబడిపోయాడు.